డైమండ్ కార్డుంది.. ఎక్కడానికి చిన్న ఓడేది? గాల్వెస్టన్ నుంచి గోదావరి దాకా ఒకటే లెక్క

వేంసూరు (ఖమ్మం జిల్లా): పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లొచ్చిన పెద్దవాళ్లు ఒకప్పుడు నయాగరా ఫొటో చూపించేవారు. ఇప్పుడు ఓడ ఫొటో చూపిస్తున్నారు. పామాయిల్ తోటల మధ్య ఉండే వేంసూరు, సత్తుపల్లి వైపు ఊళ్లలో డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉండే కొడుకూ కోడలూ, కూతురూ అల్లుడి ముచ్చట్లు మామూలైపోయాయి. టెక్సాస్‌లో ఉన్నవాళ్లకు గాల్వెస్టన్ రేవు కారులో వెళ్లి వచ్చే దూరమే. అక్కడ ఓడెక్కితే వారం రోజులు మెక్సికో తీరం చుట్టి వస్తారు. తిండీ, పడకా, పాటలూ ఆటలూ అన్నీ టికెట్లోనే.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఆ ఓడల వ్యాపారంలో ఇప్పుడో తకరారు నడుస్తోంది. ఏళ్ల తరబడి ఒకే కంపెనీ ఓడలెక్కి పాయింట్లు పోగేసుకున్న పాత ప్రయాణికులు ఒకవైపు.. వాళ్లు ఇష్టపడే చిన్న ఓడల్ని ఒక్కొక్కటిగా వదిలించుకుంటున్న కంపెనీలు మరోవైపు. మనకెందుకీ గొడవ అంటారా? ఆ వదిలించుకున్న ఓడే విశాఖ రేవుకు వచ్చింది మరి. ఇదే లెక్క రేపు పాపికొండల బోటు దగ్గరికీ వచ్చేలా ఉంది.

క్యాట్ కార్డు గుర్తుందా?

ఆర్టీసీ క్యాట్ కార్డు తీసుకున్నవాళ్లకు ఈ పాయింట్ల సంగతి ఇట్టే అర్థమవుతుంది. కార్డు కొంటే టికెట్ మీద 10 శాతం తగ్గింపు. జేబులో కార్డుంది కాబట్టి ప్రైవేటు బస్సు వచ్చినా ఎక్కకుండా ఆర్టీసీ కోసం ఆగేవాళ్లు. క్రూయిజ్ కంపెనీల లాయల్టీ స్కీములూ అంతే. కాకపోతే అక్కడ మెట్లు ఎక్కువ.

రాయల్ కరీబియన్ కంపెనీ స్కీము పేరు క్రౌన్ అండ్ యాంకర్. ఓడలో ఒక రాత్రి గడిపితే ఒక పాయింటు. ఖరీదైన సూట్ తీసుకుంటే రెట్టింపు. 30 పాయింట్లకు ప్లాటినం, 55కు ఎమరాల్డ్, 80కి డైమండ్, 175కు డైమండ్ ప్లస్. అన్నిటికంటే పైన పినాకిల్.. దానికి 700 పాయింట్లు కావాలి. అంటే మామూలు గదిలో వారం రోజుల ట్రిప్పులు వంద చేయాలన్నమాట! డైమండ్ దాటితే రోజుకు నాలుగు డ్రింకులు ఉచితం, పైమెట్లకు ఇంకా ఎక్కువ. విడిగా కూర్చోవడానికి లాంజ్ కూడా ఉంటుంది.

ఇక్కడ మనవాళ్లు తరచూ పొరబడే విషయం ఒకటుంది. ఈ హోదా భార్యాభర్తలకూ, వాళ్ల దగ్గరుండే 18 ఏళ్లలోపు పిల్లలకే కలిసి వస్తుంది. కొడుకు డైమండ్ మెంబరు అయినంత మాత్రాన ఊరి నుంచి వెళ్లిన అమ్మానాన్నలకు అది రాదు. వాళ్ల లెక్క సున్నా నుంచే మొదలవుతుంది.

పాత కస్టమరే బరువయ్యాడా?

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఇరవై, ముప్పై ఏళ్లుగా ఓడలెక్కుతున్నవాళ్లలో చాలామందికి చిన్న ఓడలంటేనే ఇష్టం. గదిలోంచి భోజనశాలకు రెండు నిమిషాల్లో వెళ్లొచ్చు. సిబ్బంది పేరు పెట్టి పలకరిస్తారు. పెద్ద ఓడలు దూరలేని చిన్న రేవుల్లో ఆగుతాయి. ఇలాంటివాళ్లు ఓడలోని నీటి జారుడుబండల కోసం, డబ్బు కట్టి తినే ప్రత్యేక రెస్టారెంట్ల కోసం రారు. పుస్తకం పట్టుకుని డెక్ మీద కూర్చుంటారు. ఉచితంగా వచ్చే నాలుగు డ్రింకులు తాగి పడుకుంటారు.

కంపెనీ కోణంలో చూస్తే ఇది కష్టమే. ఓడ చిన్నదైనా కెప్టెన్ ఒకడు ఉండాల్సిందే, ఇంజిన్ రూమ్ సిబ్బంది ఉండాల్సిందే, రేవు ఛార్జీలు కట్టాల్సిందే. రెండు వేల మంది పంచుకోవాల్సిన ఖర్చును ఆరు వేల మంది పంచుకుంటే తలా ఎంత పడుతుందో పచారీ కొట్టు నడిపినవాళ్లకు కూడా తెలుసు. టికెట్ డబ్బులు ఒక ఎత్తు.. ఓడెక్కాక జేబులోంచి తీసే డబ్బులు ఇంకో ఎత్తు. ఆ రెండోదాంట్లో పిల్లలతో మొదటిసారి వచ్చిన కుటుంబమే కంపెనీకి లాభం.

అందుకే ఓడలు ఉబ్బిపోయాయి. 2024లో వచ్చిన ఐకాన్ ఆఫ్ ద సీస్ దాదాపు 2.5 లక్షల గ్రాస్ టన్నులు. నిండా ఎక్కిస్తే 7,600 మంది ప్రయాణికులు. సిబ్బంది ఇందులో లేరు. అంతమందిని దించడానికి మామూలు ఊరు సరిపోదు కాబట్టి కంపెనీలు సొంత దీవులు, సొంత బీచ్‌లు కట్టుకుంటున్నాయి. బహమాస్‌లో రాయల్ కరీబియన్‌కు కోకోకే ఉంది. కార్నివాల్ 2025 జులైలో సెలబ్రేషన్ కీ తెరిచింది. ప్రయాణికుడు ఓడ దిగినా ఖర్చు పెట్టేది కంపెనీ గల్లాపెట్టెలోనే.

పాయింట్ల లెక్క కూడా మారుతోంది. రోజుకో పాయింటు ఇచ్చిన కార్నివాల్ ఆ పద్ధతికి స్వస్తి చెబుతున్నట్టు 2025 జూన్‌లో ప్రకటించింది. కొత్త స్కీములో ఎన్ని రోజులు ప్రయాణించారన్నది కాదు, ఎంత ఖర్చు పెట్టారన్నది ముఖ్యం. హోదా కూడా కలకాలం నిలవదు, మళ్లీ మళ్లీ సంపాదించుకోవాలి. పాత డైమండ్ సభ్యులకు కొంత వెసులుబాటు ఇచ్చినా కోపతాపాలు తప్పలేదు. వాళ్ల కోపంలో న్యాయం లేకపోలేదు. ఓడలు ఖాళీగా ఉన్న రోజుల్లో గదులు నింపింది వీళ్లే కదా!

వంతెన కాపాడుతున్న ఓడలు

కార్నివాల్ సంస్థ 1990 నుంచి 1998 మధ్య ఫాంటసీ క్లాస్ పేరుతో ఎనిమిది ఓడలు దింపింది. ఒక్కోటి 70 వేల టన్నులు. అప్పట్లో అవే పెద్దవి. కరోనా వచ్చాక రెండేళ్లలో ఆరు ఓడలు పోయాయి. మిగిలింది ఎలేషన్, పారడైజ్ రెండే.

పారడైజ్ బతికుండటానికి ఒక కారణం వింటే నవ్వొస్తుంది. అది నడిచేది ఫ్లోరిడాలోని టాంపా నుంచి. ఆ రేవు దారిలో సన్‌షైన్ స్కైవే అనే వంతెన ఉంది. దాని కింద ఎత్తు సుమారు 180 అడుగులు. కొత్త రాక్షస ఓడలు దాని కింద దూరలేవు. కాబట్టి టాంపాలో వ్యాపారం చేయాలంటే చిన్న ఓడ ఉంచుకోక తప్పదు. వెనిస్‌లో ఈ పని చట్టం చేసింది. 25 వేల టన్నులు దాటిన ఓడల్ని 2021 ఆగస్టు నుంచి ఊరి నడిబొడ్డు కాలువల్లోకి రానివ్వడం లేదు. పాయింట్లున్నవాళ్ల ఇష్టం చేయలేని పనిని వంతెనా చట్టమూ చేస్తున్నాయి.

చిన్న ఓడలు పూర్తిగా పోతున్నాయని కూడా అనలేం. 298 మందికే చోటున్న రిట్జ్ కార్ల్‌టన్ ఎవ్రిమా 2022లో నీళ్లలోకి దిగింది. మన దేశంలో 2023 జనవరి 13న ప్రధాని జెండా ఊపిన గంగా విలాస్‌లో 18 సూట్లే.. 36 మంది ప్రయాణికులే. వారణాసి నుంచి డిబ్రూగఢ్‌కు 51 రోజుల యాత్ర. అందులో సత్తుపల్లి రైతు ఎక్కగలడా? పోతున్నది చిన్న ఓడ కాదు. మామూలోడు టికెట్ కొనుక్కోగలిగే చిన్న ఓడ.

విశాఖకు వచ్చిన ఎంప్రెస్ ఎవరిది?

2022 జూన్‌లో విశాఖ రేవులో కార్డీలియా క్రూయిజెస్ వారి ఎంప్రెస్ ఆగినప్పుడు జనం ఎగబడి చూశారు. అదే ట్రిప్పులో పుదుచ్చేరి ప్రభుత్వం మాత్రం జూదం భయంతో ఓడను ఆగనివ్వలేదు. సరే, ఆ గొడవ పక్కన పెడితే.. ఆ ఓడ వయసెంతో చాలామందికి తెలియదు. 1990లో ఫ్రాన్స్‌లో కట్టారు. మొదటి పేరు నార్డిక్ ఎంప్రెస్. యజమాని రాయల్ కరీబియన్. మూడు, నాలుగు రాత్రుల చిన్న ట్రిప్పుల కోసమే కట్టించిన ఓడ. తర్వాత స్పెయిన్ కంపెనీ పుల్‌మంటూర్‌కు వెళ్లింది, 2016లో మళ్లీ పాత గూటికి చేరింది, హవానా రేవులోకి దూరగలిగే సైజు కాబట్టి క్యూబా ట్రిప్పులు వేసింది. 2019 జూన్‌లో అమెరికా ఆ ట్రిప్పుల్ని ఆపేసింది. 2020 డిసెంబరులో అమ్మకం వార్త వచ్చింది.

క్రౌన్ అండ్ యాంకర్ పాయింట్లు పోగేసుకున్న పాత అమెరికన్లకు ముద్దొచ్చిన ఓడ అది. వాళ్ల డైమండ్ కార్డులు దాన్ని కాపాడలేకపోయాయి. మనకేమో అదే 'లగ్జరీ షిప్'!

ఇదొక్కటే కాదు. నార్వేజియన్ సంస్థ తన స్కై, సన్ ఓడల్ని 2026లో ఒకటి, 2027లో ఒకటి చొప్పున కార్డీలియాకు అప్పగించేలా 2025లో ఒప్పందం కుదిరింది. స్కై 1999 నాటిది, సన్ 2001 నాటిది. రెండూ 80 వేల టన్నుల లోపే. అక్కడ 'చిన్నవి' అయిపోయినవి మన తీరానికి పెద్దవి. ఇందులో తప్పేమీ లేదు, పాత ఓడకు బాగా మరమ్మతు చేసి నడిపితే కొత్త ఓడ అంత అప్పు ఉండదు. కాకపోతే గ్యారంటీ కూడా లేదు. 2019లో ముంబై నుంచి ఆర్భాటంగా మొదలైన జలేష్ క్రూయిజెస్ వారి కర్ణిక కూడా 1990 నాటి సెకండ్ హ్యాండ్ ఓడే. కరోనా దెబ్బకు కంపెనీ మూతపడింది. ఓడ గుజరాత్‌లోని అలంగ్‌లో ఇనుప ముక్కలైంది.

విశాఖలో దాదాపు 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. 2029 నాటికి క్రూయిజ్ ప్రయాణికుల్ని రెట్టింపు చేస్తామని కేంద్రం 2024లో క్రూయిజ్ భారత్ మిషన్ పెట్టింది. అంత పెట్టుబడి పెట్టాక ఓడ ఏడాదికి కొన్ని ట్రిప్పులే వేస్తే టెర్మినల్ నిర్వహణకైనా వస్తుందా? జవాబు ఓడ యజమాని చేతిలో ఉంది, రేవు చేతిలో లేదు.

మన ఓడ పాపికొండల బోటు

వేంసూరు వైపు జనానికి అసలైన క్రూయిజ్ గోదావరి మీదే. భద్రాచలం రాముణ్ణి చూసుకుని, ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన వరరామచంద్రపురం మండలం పోచవరం వెళ్లి బోటెక్కితే పేరంటాలపల్లి. లేదంటే రాజమండ్రి వైపు వెళ్లి, పోలవరం పనులు దాటాక గండిపోచమ్మ గుడి దగ్గర ఎక్కాలి. 'అందాల రాముడు' లాంచీ నుంచి శేఖర్ కమ్ముల 'గోదావరి' దాకా ఈ దారి మన జనం గుండెల్లో ఉంది.

ఇక్కడ పాయింట్లు లేవు, కార్డుల్లేవు. పదోసారి ఎక్కినవాడికీ తొలిసారి ఎక్కినవాడికీ ఒకటే టికెట్. అయినా జనం మళ్లీ మళ్లీ వస్తారు. ఆ రావడంలో బోటు కంపెనీ గొప్పదనం పెద్దగా లేదు. రాముడూ, నదీ, కొండలూ రప్పిస్తాయి. అందుకే కాబోలు, ప్రయాణికుణ్ణి నిలబెట్టుకోవాలన్న బెంగ బోటు నడిపేవాళ్లలో తక్కువ.

2019 సెప్టెంబరు 15 ఆ లెక్కను రక్తంతో రాసింది. గోదావరిలో 5 లక్షల క్యూసెక్కుల వరద పారుతుండగా బయల్దేరిన రాయల్ వశిష్ట బోటు కచ్చులూరు మందం దగ్గర మునిగింది. బోటులో 77 మంది ఉంటే ప్రాణాలతో బయటపడింది 26 మందే. వరంగల్ జిల్లా కడిపికొండ నుంచి కలిసికట్టుగా వచ్చిన బృందంలో చాలామంది తిరిగి ఇంటికి వెళ్లలేదు. ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బోటును బయటకు లాగింది. ఆ తర్వాతే బోటు పాయింట్ల దగ్గర తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు వచ్చాయి. లైసెన్సులు, లైఫ్ జాకెట్లు, ఎక్కేవాళ్ల పేర్ల జాబితా, నీటిమట్టం చూసి అనుమతి.. ఇవన్నీ ముందే ఉండాల్సినవి. ట్రిప్పులు మళ్లీ మొదలయ్యేసరికి 2021 వచ్చేసింది.

చిన్న బోటు యజమాని కష్టం కూడా చూడాలి. వానాకాలం వస్తే బోటు కట్టేయాల్సిందే. భద్రాచలం దగ్గర 43 అడుగులకే మొదటి ప్రమాద హెచ్చరిక. 2022 జులైలో గోదావరి 71 అడుగులు దాటింది. అంటే ఏడాదిలో కొన్ని నెలల సంపాదనతోనే ఇంజిన్ మరమ్మతులు, జీతాలు, ఫీజులు అన్నీ గడవాలి. కచ్చితంగా తనిఖీ చేయాలి, కాదనేవాళ్లెవరూ ఉండరు. ఆ తనిఖీ ఖర్చును తట్టుకునేది పెద్ద బోటు, పెద్ద కంపెనీ మాత్రమే అయితే ఏమవుతుందన్నదే ప్రశ్న.

జవాబు కోసం ఊహల్లోకి వెళ్లక్కర్లేదు, కరీబియన్ చూస్తే చాలు. ఓడ పెద్దదయ్యేకొద్దీ ఆగే ఊళ్లు తగ్గాయి. గోదావరి బోటు పేరంటాలపల్లిలో ఆగుతుంది కాబట్టే కొండరెడ్లు వెదురు బొమ్మలు, బుట్టలు అమ్ముకోగలుగుతున్నారు. కొల్లూరు ఇసుక తిన్నెల మీద వెదురు గుడిసెల్లో రాత్రి బస నడుస్తోంది. వందల మందిని ఎక్కించుకుని, లోపలే బఫే పెట్టి, లోపలే డీజే వాయించే పెద్ద నౌక వస్తే ఆ ఒడ్డున ఆగాల్సిన పనేముంది?

ఈ మాటకు తొందర ఎందుకంటే, 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి. రాజమండ్రిలో 94 కోట్ల రూపాయల అఖండ గోదావరి ప్రాజెక్టుకు 2025 జూన్‌లో శంకుస్థాపన కూడా అయింది. ఖమ్మం నుంచి దేవరపల్లికి వేస్తున్న 162 కిలోమీటర్ల గ్రీన్‌ఫీల్డ్ హైవే సత్తుపల్లి ప్రాంతం మీదుగానే వెళ్తుంది. ఇక్కడి జనానికి రాజమండ్రి ఇంకా దగ్గరవుతుంది. బోట్ల దగ్గర రద్దీ పెరగడం ఖాయం.

ఇక పోలవరం సంగతి. జలాశయాన్ని పూర్తి మట్టం 150 అడుగుల దాకా నింపితే ఇప్పుడున్న దారీ, పేరంటాలపల్లి ఒడ్డూ నీళ్ల కింద ఉంటాయి. నది కాస్తా పెద్ద చెరువవుతుంది. సుడిగుండాలు తగ్గి నీరు నిలకడగా ఉండే చోట పెద్ద నౌకలు తిప్పడం తేలిక. అప్పుడు కొత్త రేవులు ఎక్కడ పెట్టాలి, పునరావాస కాలనీలకు వెళ్లిన కొండరెడ్లకు అక్కడ దుకాణం చోటు ఉంటుందా, పోచవరం నుంచి నడిపే చిన్న బోట్లకు పర్మిట్లు కొనసాగుతాయా.. ఇవి నౌకల టెండర్లు పిలిచే ముందే రెండు రాష్ట్రాల టూరిజం శాఖలు తేల్చాల్సిన సంగతులు. ప్రయాణికుల్లో సగం తెలంగాణ నుంచి వెళ్లినా, బోటెక్కే ఒడ్డు ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. భద్రాచలంలో టికెట్ కొన్నవాడి పేరు పోచవరం కంట్రోల్ రూములో ఉండాలంటే కనీసం ఆ ఒక్క జాబితా అయినా రెండు వైపులా ఒకటే ఉండాలి.