గీత గీసిన చేయి కనిపించాలి

దేశ ఆర్థిక పరిస్థితిని ప్రజలకు వివరించే పద్ధతి మారిపోయింది. ఒకప్పుడు పట్టికల నిండా అంకెలు పరచి, వాటిని చదువుకొనే ఓపిక ఉన్నవారికి వదిలిపెట్టేవారు. ఇప్పుడు బడ్జెట్ ప్రసంగం ముగిసీ ముగియకముందే రంగురంగుల గ్రాఫులు వెలువడుతున్నాయి. అధికార పక్షం చూపించే గ్రాఫులో గీత ఆకాశానికి ఎగబాకుతుంది. ప్రతిపక్షం చూపించే గ్రాఫులో అదే గీత పాతాళానికి జారుతుంది. విచిత్రమేమంటే, చాలా సందర్భాల్లో రెండింటికీ ఆధారం ఒకే అంకెలు. అంకెల్లో అబద్ధం లేకుండానే బొమ్మతో అబద్ధం చెప్పవచ్చునన్న సంగతి సామాన్య పాఠకునికి తెలియకపోవడమే ఈ వ్యవహారంలోని అసలు ప్రమాదం.

ఒక ఉదాహరణ చూద్దాం. 2021 ఆగస్టు 31న కేంద్ర ప్రభుత్వం ఆ ఆర్థిక సంవత్సరపు తొలి త్రైమాసికం లెక్కలు ప్రకటించింది. స్థిర ధరల ప్రకారం స్థూల దేశీయోత్పత్తి రూ.32.38 లక్షల కోట్లు. అంతకు ముందు ఏడాది అదే త్రైమాసికంలో అది రూ.26.95 లక్షల కోట్లు. అంటే వృద్ధి 20.1 శాతం. వృద్ధి రేట్లను మాత్రమే కమ్మీలుగా గీస్తే ఈ 20.1 శాతం కమ్మీ పక్కవాటన్నిటినీ మరుగుజ్జులను చేసి, గాలిగోపురంలా నిలబడుతుంది. చూసినవారు దేశం కనీవినీ ఎరుగని వేగంతో దూసుకుపోతున్నదనుకుంటారు.

ఇప్పుడు వృద్ధి రేటును పక్కనబెట్టి ఉత్పత్తి విలువనే గీయండి. కరోనా లాక్‌డౌన్‌కు ముందు, 2019-20 తొలి త్రైమాసికంలో ఉత్పత్తి రూ.35.6 లక్షల కోట్లకు పైగా ఉండేది. మరుసటి ఏడాది అది 24.4 శాతం కుంగింది. ఆ గోతిలోనుంచి పైకి వస్తున్నప్పటి సంఖ్యే 20.1 శాతం. మూడు కమ్మీలను పక్కపక్కన నిలబెడితే మూడవది మొదటిదానికన్నా పొట్టిదని పసిపిల్లవాడు కూడా చెప్పగలడు. రెండు బొమ్మలూ నిజమే చెబుతున్నాయి. కాని ఒకటి విజయగాథలా, రెండవది కోలుకుంటున్న రోగి కథలా కనిపిస్తాయి.

మూడవ బొమ్మ కూడా సాధ్యమే. నిలువు అక్షాన్ని సున్నా దగ్గర కాకుండా 25 లక్షల కోట్ల దగ్గర మొదలుపెడితే చాలు. అప్పుడు 26.95 కమ్మీ ఎత్తు 1.95గా, 32.38 కమ్మీ ఎత్తు 7.38గా కనిపిస్తాయి. వాస్తవంలో అయిదోవంతు పెరుగుదల కంటికి దాదాపు నాలుగింతలుగా తోస్తుంది. గోరంతను కొండంత చేయడమంటే ఇదే. ఒక్క అంకెను కూడా మార్చనవసరం లేదు.

పాత విద్య, కొత్త పరికరం

ఈ విద్య కొత్తది కాదు. ఆర్థిక గణాంకాలను గీతలుగా, కమ్మీలుగా చూపే పద్ధతికి ఆద్యుడైన విలియం ప్లేఫెయిర్ తన గ్రంథాన్ని 1786లో లండన్‌లో ప్రచురించాడు. ఈస్టిండియా ప్రాంతంతో ఇంగ్లండు జరిపిన ఎగుమతి దిగుమతుల చిత్రం కూడా అందులో చోటు చేసుకున్నది. గ్రాఫులతో జనాన్ని ఎలా తప్పుదారి పట్టించవచ్చునో వివరిస్తూ అమెరికాలో డారెల్ హఫ్ 1954లోనే పుస్తకం రాశాడు. మారినదల్లా పరికరం. ఒకనాడు చిత్రకారుని చేతిలో ఉన్న ఈ శక్తి నేడు కంప్యూటరు ముందు కూర్చున్న ప్రతివారి చేతిలోకీ వచ్చింది.

అలాంటి పరికరాల్లో పేరెన్నికగన్నది మాట్‌ప్లాట్‌లిబ్. పైథాన్ భాషలో గ్రాఫులు గీయడానికి పనికివచ్చే ఈ లైబ్రరీని జాన్ హంటర్ అనే నాడీశాస్త్ర పరిశోధకుడు రూపొందించి 2003లో విడుదల చేశాడు. మూర్ఛరోగుల మెదడులోని విద్యుత్ సంకేతాలను కంటికి కనిపించేలా చేసుకోవడం అతని తొలి అవసరం. దానిని సొమ్ము చేసుకోకుండా, ఎవరైనా వాడుకోవచ్చు, లోపలి ప్రోగ్రామును చదవవచ్చు, మార్చుకోవచ్చు అన్న నిబంధనలతో లోకానికి వదిలాడు. 2012లో ఆయన మరణించినా ప్రపంచం నలుమూలలనున్న ఔత్సాహికులు ఆ పనిని కొనసాగించారు. 2019లో వెలువడిన కృష్ణబిలం తొలి చిత్రం వెనుకా ఈ లైబ్రరీ ఉన్నది. మన దేశంలో ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి ఇన్‌ఫర్మేటిక్స్ ప్రాక్టీసెస్ పాఠ్యపుస్తకంలో దీనికి ఒక అధ్యాయమే కేటాయించారు.

ఈ లైబ్రరీలో మార్చడానికి వీలుకానిది దాదాపు ఏమీ లేదు. గీత రంగు, మందం, బొమ్మ పొడవు వెడల్పులు, అక్షాల హద్దులు, గడుల గీతలు, అక్షరాల తీరు, పక్కన రాసే వివరణ అన్నీ వాడుకరి ఇష్టమే. అయితే ఎవరూ ఏమీ చెప్పనప్పుడు అది కమ్మీలను సున్నా దగ్గరనుంచే గీస్తుంది. కమ్మీ పాదాన్ని నరికి 25 లక్షల కోట్ల దగ్గర నిలబెట్టాలంటే ఎవరో ఒకరు పనిగట్టుకొని ఒక వాక్యం రాయాలి. ఆ వాక్యం ప్రోగ్రాములో చెక్కుచెదరకుండా ఉండిపోతుంది. అచ్చయిన బొమ్మ గీసినవారి ఉద్దేశాన్ని దాచగలదేమో కాని, దానిని గీసిన ప్రోగ్రాము దాచలేదు. ప్రజాస్వామ్యానికి పనికివచ్చే గుణం ఇందులోనే ఉన్నది.

యంత్రం తనంతట తాను ఎంచుకున్నదల్లా నిష్పాక్షికమని భ్రమపడనక్కరలేదు. వంపు గీతల విషయంలో అదే లైబ్రరీ అక్షాన్ని అంకెల పరిధికి సరిపడా బిగిస్తుంది. ఫలితంగా స్వల్పమైన హెచ్చుతగ్గులు కూడా పర్వతాలుగా, లోయలుగా కనిపించవచ్చు. 2017లో రెండవ ప్రధాన రూపాంతరం వెలువడేదాకా పటాలకు రంగులద్దడానికి అది వాడిన ఇంద్రధనుస్సు వరుస, లేని సరిహద్దులను ఉన్నట్లు చూపేదన్న విమర్శ ఉండేది. బహిరంగ చర్చ జరిగి దాని స్థానంలో మరో వరుస వచ్చింది. అది నలుపు తెలుపు జిరాక్సు ప్రతిలోనూ, రంగులను సరిగా గుర్తించలేని వారి కంటికీ అర్థమవుతుంది. లోపాన్ని పదిమంది ఎదుట ఒప్పుకొని, పదిమంది ఎదుటే దిద్దుకున్న ఈ తీరు మన గణాంక శాఖలకు ఆదర్శం కావలసినది.

మన లెక్క, మన భాష

గ్రాఫులో చేసే ప్రతి మార్పూ మోసమేనని భావించడం కూడా పొరపాటే. జ్వరం చార్టును సున్నా డిగ్రీల నుంచి గీస్తే 98.6కూ 103కూ మధ్య తేడా కంటికి ఆనదు. రోగి ప్రాణం మీదికి వస్తుంది. కొన్ని మార్పులు సత్యాన్ని తేటపరచడానికి అవసరం. 2015 జనవరిలో స్థూల దేశీయోత్పత్తి లెక్కల ఆధార సంవత్సరాన్ని 2004-05 నుంచి 2011-12కు మార్చినప్పుడు 2013-14 వృద్ధి రేటు పాత లెక్కలో 4.7 శాతం, కొత్త లెక్కలో 6.9 శాతం అయింది. ఈ రెండు వరుసలనూ ఒకే గీతగా అతికిస్తే లేని గెంతు ఒకటి పుట్టుకొస్తుంది. అతుకు ఉన్నచోట గీతను తెంచి, రంగు మార్చి, పక్కన ఒక మాట రాయడం గీసేవారి ధర్మం. ఆ పనికి రెండు మూడు వాక్యాల ప్రోగ్రాము చాలు.

మన పాఠకునికి అర్థం కావాలన్నా మార్పులు తప్పవు. విదేశాల్లో పుట్టిన ఈ పరికరాలకు మిలియన్లు, బిలియన్లు తెలుసు. లక్షలు, కోట్లు తెలియవు. పెద్ద సంఖ్యలు వస్తే పది ఘాతాలలోకి దిగిపోతాయి. ఏప్రిల్‌లో మొదలయ్యే ఆర్థిక సంవత్సరాన్నీ మనమే నేర్పాలి. ఇక తెలుగు సంగతి చెప్పనక్కరలేదు. మాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా వాడే అక్షరాల ఫాంటులో తెలుగే లేదు. అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు ప్రత్యక్షమవుతాయి. తెలుగు ఫాంటును అమర్చినా గుణింతాలు, ఒత్తులు తమ స్థానాల్లో కుదురుకోని ఇబ్బంది చాలాకాలం వేధించింది. అదనపు సాఫ్ట్‌వేరు తోడు చేసుకుంటే తప్ప ‘ద్రవ్యోల్బణం’ అన్న మాటను సరిగా రాయడం గగనమైంది. తన రాష్ట్రం అప్పు ఎంతో తెలిపే గ్రాఫును తన భాషలో చదువుకోలేని పౌరుడు ఆ అప్పు గురించి ప్రశ్నించలేడు. సాఫ్ట్‌వేరు తలుపులు తెరిచి ఉన్నాయి కనుక మరమ్మతు చేసుకొనే హక్కు మనకున్నది. ఆ బాధ్యతను మన విశ్వవిద్యాలయాలు ఎందుకు తలకెత్తుకోకూడదు?

చేయవలసినదేమిటో స్పష్టం. ప్రజాధనంతో తయారయ్యే ఆర్థిక సర్వేలు, బడ్జెట్ పత్రాలు, గణాంక నివేదికల్లోని ప్రతి గ్రాఫుతోపాటు దాని వెనుకనున్న అంకెలను, దానిని గీసిన ప్రోగ్రామును కూడా ప్రకటించాలి. కమ్మీ పాదాన్ని కత్తిరిస్తే ఆ సంగతి బొమ్మ మీదనే రాయాలి. ఆధార సంవత్సరం మారినచోట గీత తెగాలి. ఇందుకు కొత్త చట్టాలు అక్కరలేదు. ప్రభుత్వ సమాచారాన్ని పంచుకోవాలన్న జాతీయ విధానం 2012 నుంచి ఉన్నది. ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరుకు ప్రాధాన్యమివ్వాలన్న కేంద్ర విధానం 2015లో వచ్చింది. లైసెన్సు ఖర్చు సున్నా కనుక నిధుల కొరత అన్న సాకు కూడా చెల్లదు. సర్కారును నిలదీసే పత్రికలు, టెలివిజన్ చానళ్లు కూడా ఇదే నియమానికి తలవంచాలి. గ్రాఫుకు రంగులు మార్చడం నేర్పే పాఠంలోనే, అక్షాన్ని మారిస్తే అర్థం ఎలా మారిపోతుందో విద్యార్థులకు చూపించాలి.

సామాన్యుడు ప్రోగ్రామును ఎక్కడ చదువుతాడని పెదవి విరిచేవారుంటారు. ప్రభుత్వ ఖాతాలనూ సామాన్యుడు తనిఖీ చేయలేడు. అయినా కాగ్ నివేదికలు చట్టసభల ముందుకు రావాలని కోరుకుంటున్నాం. చదవగలిగినవాడు ఒక్కడు చదివినా, చదవలేని లక్షమంది తరఫున ప్రశ్న లేవనెత్తగలడు. ఎవరో ఒకరు చదువుతారన్న ఎరుకే గీసేవారి చేతిని అదుపులో ఉంచుతుంది.

గీత ఎంత ఎత్తుకు చేరిందో అంకెలు చెబుతాయి. అది ఎక్కడినుంచి బయలుదేరిందో గీసినవారు చెప్పాలి. ఆ మాట దాచిపెట్టి చూపించే ఏ గ్రాఫునూ, అది ఏ పక్షానిదైనా సరే, ప్రజలు నమ్మవలసిన అవసరం లేదు.