మాజీ సైనికుడిని ఇంటర్వ్యూకు పిలిస్తే జవాబు కూడా చెప్పాలి!

రాయికల్ పట్టణ, మండల ప్రజలారా! ఫౌజీ అన్నలారా, తమ్ముళ్లారా!

పంద్రాగస్టు నాడు మమ్మల్ని వేదిక ఎక్కించి శాలువా కప్పుతున్నారు. సంతోషం. అదే మనిషి మర్నాడు బయోడేటా పట్టుకొని ఉద్యోగానికి పోతే ఏం జరుగుతున్నదో మీకు తెలియాలని ఈ కరపత్రం వేస్తున్నాం.

జవాను పదిహేను, పదిహేడేళ్ల సర్వీసు ముగించుకొని వచ్చేసరికి వయసు ముప్పై అయిదు, నలభై మధ్య ఉంటుంది. పిల్లలు అప్పుడప్పుడే హైస్కూలుకు వస్తారు. వచ్చే పింఛను ఫీజులకు, కిరాయికి, అమ్మానాన్నల మందులకు సరిపోదు. ఇంకో ఇరవై ఏళ్లు కష్టపడే సత్తువ ఒంట్లో ఉంటుంది. మేం అడిగేది సాయం కాదు, పని.

మాలో ఒకడినైన నన్ను హైదరాబాద్‌లో ఒక కంపెనీ సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఉద్యోగానికి పిలిచింది. రాత్రి బస్సెక్కి పోతే మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. లోపలున్న అబ్బాయి నా డిశ్చార్జి బుక్కును అటూ ఇటూ తిప్పి, “ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఏది?” అన్నాడు. అదే బాబూ ఇది అన్నాను. చేసిన సర్వీసు, ట్రేడు, కోర్సులు, పతకాలు, ప్రవర్తన ‘ఎగ్జెంప్లరీ’ అన్న మాట, అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ పేజీ తీసి వేలు పెట్టి చూపించాను. చదవలేదు. “సొంత లైసెన్సు తుపాకీ ఉందా?” అని అడిగాడు. సూపర్‌వైజర్‌కు తుపాకీ ఎందుకో చెప్పలేదు. ఆ తర్వాత ఇంకో రౌండు, ఫోన్‌లో మరో రౌండు. జీతం మాట చివరికి వచ్చింది. అది పన్నెండు గంటల డ్యూటీకి గార్డుకిచ్చే జీతం. “మేమే ఫోన్ చేస్తాం” అన్నారు, చేయలేదు. నేను చేస్తే ఎత్తలేదు.

కాదంటే కాదనండి. బెటాలియన్‌లో పై అధికారి మొహం మీదే చెప్పేవాడు, మేం వినేవాళ్లం. ఎటూ చెప్పకుండా నెలల తరబడి ఇంటిల్లిపాదినీ ఫోన్ వైపు చూసేలా చేయడం మాత్రం తప్పు.

చట్టం ఏమంటుందో చూడండి. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 2005లో వచ్చింది. గార్డులను తీసుకునేటప్పుడు సైన్యంలో చేసినవాళ్లకు ప్రాధాన్యం ‘ఇవ్వవచ్చు’ అని అందులో రాశారు. ‘ఇవ్వాలి’ అని రాయలేదు. ఆ ఒక్క సందులోంచి కంపెనీలు తప్పించుకుంటున్నాయి.

సర్కారు కొలువుల్లో మాత్రం మన హక్కు గట్టిగానే ఉంది. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి పోస్టుల్లో 10 శాతం మాజీ సైనికులవి. ప్రభుత్వ రంగ బ్యాంకుల క్లర్కు పోస్టుల్లో 14.5 శాతం. వయసులోంచి చేసిన సర్వీసు, దాని మీద ఇంకో మూడేళ్లు తీసేసి లెక్క కడతారు. పదో తరగతి పాసై 15 ఏళ్ల సర్వీసు నిండినవాడు, డిగ్రీ అడిగే చాలా గ్రూప్ సి పోస్టులకు అర్హుడే. ఈ సంగతి తెలియక “నాకు డిగ్రీ లేదు” అని దరఖాస్తే పెట్టని అన్నలు మనలో ఎందరో ఉన్నారు. కౌంటర్‌లో ఉన్నవాళ్లకూ తెలియక వెనక్కి పంపుతున్నారు. కేంద్రంలో మన కోటా పోస్టుకు మనవాడు దొరకకపోతే అది వచ్చే ఏడాదికి మిగలదు, వేరేవాళ్లతో నింపేస్తారు. మనం ఊరుకున్న ప్రతిసారీ ఒక కొలువు పోతున్నది.

చివరికి ఏమవుతున్నది? దేశం కాపలా కాసినవాడు గల్ఫ్ ఏజెంటు చేతిలో డబ్బు పోసి, దుబాయిలో ఏదో గేటు ముందు నిలబడుతున్నాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఈ బాధ ఏ ఇంటికీ కొత్త కాదు.

ఇక అగ్నివీర్ పిల్లల సంగతి. 2022 జూన్‌లో వచ్చిన అగ్నిపథ్ పథకంలో నాలుగేళ్లయ్యాక నూటికి 25 మందిని మించి ఉంచుకోరు. మిగతావాళ్లు సుమారు 11.71 లక్షల సేవానిధి తీసుకొని ఇంటికి రావాల్సిందే. పింఛను లేదు. ఇన్నేళ్ల సర్వీసున్న మమ్మల్నే ఇట్లా తిప్పితే, పాతికేళ్లు నిండని ఆ తమ్ముళ్లను ఎవరు కూర్చోబెట్టి మాట్లాడతారు? వాళ్ల కోసమైనా ఇప్పుడే దారి వేయాలి.

జగిత్యాల, కోరుట్ల బంగారు దుకాణాలు, దవాఖానలు, ప్రైవేటు బడుల యజమానులారా! సిరిసిల్ల టెక్స్‌టైల్ పార్కు యజమానులారా! పిలిచే ముందే జీతం, డ్యూటీ గంటలు చెప్పండి. ఇంటర్వ్యూ ఒక్క రోజులో ముగించండి. వారంలోగా అవునో కాదో కాగితం మీద ఇవ్వండి. ఇంతకు మించి మేం ఏమీ కోరడం లేదు.

కలెక్టర్ గారికి మా విన్నపం ఒకటే. 2016లో జగిత్యాల జిల్లా అయినా సైనిక సంక్షేమ కార్యాలయం పనికి మనం కరీంనగరే పోవాల్సి వస్తున్నది. నెలకొక రోజు ఆ అధికారి జగిత్యాలలో కూర్చొని, దరఖాస్తులు అక్కడికక్కడే రాయించాలి.

దీంతోపాటు సమాచార హక్కు చట్టం కింద ప్రతి శాఖనూ అడుగుదాం: అయిదేళ్లలో మాజీ సైనికుల కోటా పోస్టులు (రోస్టర్ పాయింట్లు) ఎన్ని వచ్చాయి, ఎందరిని తీసుకున్నారు, మిగిలినవి ఎవరికి పోయాయి? జిల్లా కార్యాలయంలో ఫీజు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలి. రాయడం రానివాళ్లకు మేం రాసిపెడతాం.

వచ్చే సోమవారం జగిత్యాల కలెక్టరేట్ ప్రజావాణికి అందరం కలిసి పోదాం. పొద్దున 8 గంటలకు రాయికల్ బస్టాండ్‌లో కలవండి. డిశ్చార్జి బుక్కు, పింఛను కాగితం, మాజీ సైనికుల గుర్తింపు కార్డు జిరాక్సులు రెండేసి తెచ్చుకోండి. వీరనారీమణులారా, అక్కలారా, మీరూ రండి. మీ పిల్లల హక్కులూ మనం అక్కడ ఇచ్చే దరఖాస్తులో ఉంటాయి. రైతులు, యువకులు, కులసంఘాల పెద్దలు మా వెంట నడవాలని చేతులెత్తి కోరుతున్నాం.

ఇట్లు,
రాయికల్ మండల మాజీ సైనికులు