పారబోయని కణాలు, తెరవని బీరువా

తెలుగు పాఠం చెప్పుకునేవారికి బాక్టీరియాతో పనేమిటని మిత్రులు ఆక్షేపించవచ్చును. ఒక విజ్ఞానశాస్త్ర విద్యార్థి తన వ్యాసంలోని భాష దిద్దమని మా వద్దకు వచ్చాడు. ‘స్థిరీకృత కణాలు’ అన్న మాటకు నిర్వచనం అతనికి కంఠస్థమే. ఆ వస్తువు మాత్రం ఎన్నడూ కంటబడలేదు. మా ఫిర్యాదు అదే.

పూర్వం సూక్ష్మజీవులను తొట్టెలలో పెంచి, వాటి ఎంజైములచేత పని చేయించుకొని, సరుకు చేతికందగానే కణాలను పారబోసేవారు. మరుదఫాకు మళ్లీ పెంపకమే. 1973లో జపానులోని తనబె సెయాకు మందుల సంస్థలో ఇచిరో చిబాటా బృందం ఇ. కోలై కణాలను పాలీఎక్రిలమైడ్ జెల్‌లో బంధించి గొట్టంలో నింపింది. ఒకవైపు నుండి అమ్మోనియం ఫ్యూమరేట్ ద్రావణాన్ని పంపితే రెండవవైపు ఆస్పార్టిక్ ఆమ్లం వచ్చింది. కణాలు లోపలే ఉండిపోయాయి. 37 డిగ్రీల వద్ద వాటి శక్తి సగానికి తగ్గడానికి 120 రోజులు పట్టింది. 1978లో సముద్రపు నాచునుండి తీసే కారజీనన్‌ను వాడి ఆ గడువును ఇంకా ఎంతో పెంచారు.

ఇది మందుల పరిశ్రమకు ఎంత ముఖ్యమో పెన్సిలిన్ చెబుతుంది. పెన్సిలిన్-జి అణువు ప్రక్కగొలుసును తొలగిస్తే 6-ఏపీఏ మిగులుతుంది. ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్‌లకు అదే ముడిసరుకు. రసాయన పద్ధతిలో ఇందుకు సున్నాకు 40 డిగ్రీల దిగువ చలి, ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్ వంటి ఘాటైన పదార్థాలు కావలసివచ్చేవి. స్థిరీకృత ఇ. కోలై కణాలో, వాటినుండి తీసిన ఎసిలేజ్ ఎంజైమో అదే పనిని గోరువెచ్చని నీటిలో చేస్తుంది. చిక్కులు లేకపోలేదు. కణంలో మనకు అక్కరలేని ఎంజైములూ ఉంటాయి. మాలిక్ ఆమ్లం తయారీలో సక్సినిక్ ఆమ్లం కలిసి రాగా, కణాలను పిత్తరస సారంతో శుద్ధి చేయవలసివచ్చింది.

ఇదంతా చూడడానికి జపాను పోనక్కరలేదు. సోడియం ఆల్జినేట్ ద్రావణంలో రొట్టెల ఈస్టు కలిపి, కాల్షియం క్లోరైడ్ నీటిలో చుక్కచుక్కగా వదిలితే నానిన సగ్గుబియ్యంవంటి పూసలు కడతాయి. చక్కెర నీటిలో వేస్తే బుడగలు లేస్తాయి. కడిగి మరునాడు మళ్లీ వాడవచ్చును. ఈస్టు బాక్టీరియా కాదు, నిజమే. సూత్రం మాత్రం అదే, రోగభయమూ లేదు.

మన ప్రయోగశాల బీరువాలు వార్షిక పరీక్షల ముందు వారం మాత్రమే తెరుచుకుంటున్నాయి. వార్షికోత్సవ వేదిక అలంకరణలో ఒక మూల తగ్గించినా ఈ ప్రయోగం ఖర్చు వెళ్లిపోతుంది. హైదరాబాదు చుట్టుపట్ల మందుల కర్మాగారాలలో ఉద్యోగం ఆశించే మన పిల్లలు అక్కడ మొదటిసారి ఆ పూసలను చూడడం మాకు నచ్చలేదు. వచ్చే విద్యాసంవత్సరం మొదటి నెలలోనే బీరువా తెరిపించవలసిందిగా కళాశాల సంఘం పెద్దలను కోరుతున్నాము.