పది దినముల నాయకత్వము

వేసవి సెలవులు రాగానే ఆత్మకూరు ప్రాంతపు క్రైస్తవ సంఘములలో పిల్లల పాటలు మొదలగును. ఎండ ముదరకముందే చాపలు పరతురు. పాట, కథ, కంఠతవాక్యము, రంగుకాగితములతో చిన్న చిన్న పనులు, ఇంటికి పోవునప్పుడు చేతిలో రెండు బిస్కత్తులు. వారము పది దినములు సాగు ఈ సెలవుల బైబిలు పాఠశాలకు జనుల వాడుకలో 'వి.బి.యస్.' అని పేరు. పెద్దపిల్లలకు వేరుగా యౌవనుల శిబిరములు జరుగును. వాని తుదిరాత్రి సాక్ష్యములును, కన్నీళ్లతో కూడిన సమర్పణ ప్రార్థనయు ఉండును. మరునాడు సంఘపెద్దలు ఎందరు వచ్చిరి, ఎందరు చేతులెత్తిరి అని లెక్క వ్రాసికొందురు. ఎత్తిన ఆ చేతులకు ఏ పని ఇచ్చితిమన్న లెక్క మాత్రము అరుదుగా కానవచ్చును.

ఈ పాఠశాల పుట్టుక తెలిసికొనదగినది. 1898లో న్యూయార్కు నగరమున ఎలైజా హాస్ అను నామె, బడులు మూసిన వేసవిలో వీధులవెంట తిరుగు పేదపిల్లలను చూచి, ఒక మద్యశాల గదిని అద్దెకు పుచ్చుకొని వారికి బైబిలు కథలు చెప్పనారంభించెను. 1901 నుండి రాబర్ట్ బోవిల్ అను బాప్టిస్టు నాయకుడు ఆ పనిని విస్తరింపజేసెను. మతబోధ దానికి ఎంత కారణమో, దిక్కులేక తిరుగు పిల్లల మీది కనికరమును అంత కారణము. పాలమూరు పల్లెలకు ఆ కనికరపు అవసరము ఎవరును నేర్పనక్కరలేదు. తలిదండ్రులు కూలికై దూరదేశములకు వలసపోగా తాత అవ్వల వద్ద మిగిలిన పిల్లలను ఈ సీమ తరతరములుగా ఎరుగును. జూరాల నీరు కొన్ని పొలములను తడిపినది గాని వలస మాట పూర్తిగా మరపునకు రాలేదు. అట్టి పిల్లవానిని రోజుకు రెండు గంటలు పేరుపెట్టి పిలిచి పలుకరించువారు ఒకరు దొరకుటయే వానికి మొదటి పాఠము.

అయితే ఈ శిబిరములలో నిజముగా మారునది చాపమీద కూర్చున్న పసివాడు కాడు, వానికి పాఠము చెప్పు పదునారేండ్ల పిల్ల. పదవ తరగతి పరీక్షలు వ్రాసి వచ్చిన బాలికకు పన్నెండుమంది పిల్లలను అప్పగింతురు. ముందురాత్రి ఆమె యోసేపు కథను తనంతట తాను చదువును. అంతకుమునుపు ఎన్నోమారులు విన్న కథయే, కాని చెప్పవలసివచ్చినప్పుడు గాని దానిలోని చిక్కులు తెలియవు. తెల్లవారి ఒక కుర్రవాడు లేచి, తమ్ముని అమ్మివేసిన అన్నలను దేవుడు ఎందుకు దండింపలేదని అడుగును. ఆమెకు సమాధానము తోచదు. "రేపు చెప్పెదను" అని ఇంటికి పోయి మరల గ్రంథము విప్పును. తల్లి చెప్పినందున నమ్మిన విశ్వాసము ఆ సాయంకాలము ఆమె సొంతమగుటకు మొదలిడును. తుదిరాత్రి కన్నీళ్లకు ఇంత బలము ఉండదు. ఆ కన్నీళ్లు అబద్ధమని చెప్పరాదు గాని, పాటల హోరులో చేసిన ప్రమాణము పాటతోడనే చల్లబడుట ఉపాధ్యాయులందరు ఎరిగినదే.

కంఠతవాక్యముల సంగతియు ఇట్టిదే. ఏబది వాక్యములు గడగడ అప్పగించినవానికి స్టీలు గిన్నె బహుమతి. ధారణను తక్కువచేసి మాటలాడుటకు ఆత్మకూరు తగినచోటు కాదు. గద్వాల, వనపర్తి సంస్థానములతోపాటు ఈ సంస్థానమును తిరుపతి వేంకట కవుల అవధానప్రతిభను చూచినది. కాని అవధానికి గౌరవము తెచ్చినది ధారణ ఒక్కటియే కాదు. పృచ్ఛకుడు అడిగినప్పుడు, అడిగినదానికి, అప్పటికప్పుడు బదులు చెప్పగలుగుట. పిల్లవాడు వాక్యమును అప్పగించుటతో పని సగమే జరిగినది. పృచ్ఛకుని స్థానమున వానిని కూర్చుండబెట్టు శిబిరములు ఎన్ని?

పని అప్పగించుటవలన నాయకులు పుట్టుదురనుటకు దోర్నకల్ బిషప్ అజరయ్య జీవితము సాక్ష్యము. 1874లో తిరునెల్వేలి సీమలో పుట్టిన ఆయన, కళాశాల విడిచిన వెంటనే 1895లో యువజన క్రైస్తవ సంఘపు కార్యదర్శియై విద్యార్థుల నడుమ పనిచేసెను. 1902లో జాఫ్నాకు పోయి, అచ్చటి తమిళ క్రైస్తవ యువకులు తామే నడుపుకొనుచున్న మిషనరీ సంఘమును చూచి, మరుసటి యేడే స్వస్థలమున అట్టిదానిని స్థాపించుటకు పూనుకొనెను. 1909లో తెలుగునేలకు వచ్చి, 1912లో ఆంగ్లికన్ సంఘమున తొలి భారతీయ బిషప్ అయ్యెను. ఇరువదియొక్క యేండ్ల యువకునికి కార్యభారము నప్పగించుటకు నాడు ఎవరో సాహసించిరి. "వీనికి ఇంకను వయసు రాలేదు" అని కూర్చుండబెట్టియున్నచో దోర్నకల్ చరిత్ర వేరుగా ఉండెడిది.

ఈ ప్రాంతపు సంఘములకు ఆ సాహసము తక్కువగుటకు చరిత్రలోనే కొంత కారణము కలదు. 1899లో అమెరికానుండి వచ్చిన ఎన్. ఎన్. హీబర్టు మొదలైన మెనొనైట్ బ్రదరెన్ మిషనరీల పని క్రమముగా నాగర్‌కర్నూలు, వనపర్తులకు వ్యాపించెను. గద్వాల కేంద్రము 1937లో బాప్టిస్టుల నుండి వారి చేతికి వచ్చెను. ఊరు వెలిగా ఉంచినవారి పిల్లల చేత వారు పలక పట్టించిరి. ఆ మేలు మరువరానిది. ఐనను మిషను ప్రాంగణమున నిర్ణయించుట దొరవంతు, వినుట తెలుగువారి వంతు. దొరలు పోయి దశాబ్దములు గడచినవి. వారి కుర్చీలో స్థానికులే కూర్చున్నారు గాని, పిన్నలు వినుటకే పుట్టిరన్న అలవాటు కుర్చీతోపాటే మిగిలిపోయినది.

దీనికి భిన్నమైన మాదిరి హైదరాబాదులోనే కలదు. భక్తసింగ్ 1941లో మద్రాసున ఆరంభించి, పిదప హెబ్రోనులో ఏటేట జరిపించిన పరిశుద్ధ కూడికలలో వేలమంది పందిళ్లలో బసచేసి, చాపలమీద వరుసగా కూర్చుండి ఒకే వంట తినిరి. ఊరిలో వేరు వేరు గ్లాసులు చూచిన పిల్లవానికి ఆ పంక్తిభోజనము ఏ ప్రసంగమునకు తీసిపోదు. శిబిరములో వంటకు కూరలు తరుగువాడు, నీళ్లు మోయువాడు, విస్తళ్లు ఎత్తువాడు ఎవరని చూచినచో అచ్చటి విశ్వాసపు లోతు తెలియును. చదువుకొన్న పిల్లవాడు విస్తరి ఎత్తినచో మరియు మంచిది.

ఒక మాట బడిపంతుళ్లతో చెప్పవలసియున్నది. ఈ పాఠశాలలు నడుపువారిలో వారే పెక్కురు. పాటలు విని ఇతర మతముల ఇండ్ల పిల్లలును వత్తురు. వారి తలిదండ్రులతో ముందుగా మాటలాడుట, బడిలో తమకున్న అధికారమును ఇచ్చటికి తేకుండుట పంతుళ్ల ధర్మము. భయముచేత తలయూపిన పిల్లవాని తలయూపు విశ్వాసము కాదు.

ఇక జూన్ నెల. బడులు తెరచెదరు. ఆ పదునారేండ్ల పిల్ల ఆదివారము గుడికి వచ్చి స్త్రీల వరుసలో వెనుక చాపమీద కూర్చుండును. పది దినములు పన్నెండుమందిని నడిపినదానిని ఆనాడు వాక్యము చదువుమని ఎవరును అడుగరు. సండేస్కూలు పిల్లలు ఆమె వైపు తిరిగి తిరిగి చూతురు. వారికి పాఠము చెప్పుటకు ఏర్పడిన పెద్దమనిషి ఆ వారము ఊరిలో లేడు. పిల్లలను పెద్దల ప్రసంగమునకే కూర్చుండబెట్టుదురు. యోసేపు కథ పటములు బీరువాలో చుట్టలు చుట్టి ఉన్నవి, తాళపుచెవి ఆ పెద్దమనిషి జేబులో ఉన్నది.