చెయ్యెత్తితే ఆగే డాక్టరు

ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతున్న మా అమ్మాయి పళ్ళ డాక్టరు అవుతానంటోంది. "ఎంబీబీఎస్ సీటు రానివాళ్ళు కదండీ అందులో చేరేది! పరీక్ష రాయకముందే ఆ మాటెందుకు?" అన్నారు మా బావగారు. చాలామంది బంధువుల మాటా అదే. మేమిద్దరం మాత్రం దానికి ఒప్పుకోలేకపోతున్నాము.

ఆరో తరగతిలో ఉండగా రావులపాలెంలో సైకిలు మీద నుంచి పడి, అమ్మాయి ముందు పన్ను వేరుతో సహా ఊడిపోయింది. దాన్ని శుభ్రంగా తోమి, కాగితంలో చుట్టి, మర్నాడు పట్టుకెళ్ళాము. తప్పు మాదే. వేరు ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, మట్టి ఉంటే నీళ్ళతో ఒక్కసారి తొలిపి, పాలలో వేసి అరగంటలో, కనీసం గంటలోపు తీసుకెళితే మళ్ళీ అతికే అవకాశం ఉంటుందట. వేరు మీది సన్నని పొర ఎండిపోతే ఇక పన్ను నిలవడం కష్టం. (పాలపళ్ళను మాత్రం ఇలా తిరిగి పెట్టరు.) పాలు లేని ఇల్లు మన వీధిలో ఏది? తెలియక పోగొట్టుకున్నాము.

మొదట చూసినాయన ఒక్క మాటైనా చెప్పకుండా పిల్ల గడ్డం పట్టుకుని పని కానిచ్చేశారు. ఆ తరువాత పళ్ళ డాక్టరంటేనే వణికిపోయేది. గౌతమి వంతెన దాటి రాజమండ్రిలో ఒక డాక్టరమ్మగారి దగ్గరకు తీసుకెళ్ళాము. ఆవిడ చేతికి అద్దమిచ్చి, "నొప్పెడితే చెయ్యెత్తమ్మా, ఆపేస్తాను" అన్నారు. అమ్మాయి ఊరికే పరీక్షించడానికి మూడుసార్లు చెయ్యెత్తింది. మూడుసార్లూ ఆపారు!

దవడ ఎదుగుతున్న వయసులో స్క్రూ పన్ను పెట్టరు గనుక తీసిపెట్టుకునే పన్నే ఇచ్చారు. ఎన్నో ఏళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్విన పిల్ల, పేషెంటు సిగ్గేమిటో పుస్తకం చూసి నేర్చుకోనక్కరలేదు.

1844 డిసెంబరులో అమెరికాలో హోరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు, నవ్వు పుట్టించే వాయువుతో నొప్పి తెలియదేమోనని తోచి, ముందు తన పన్నే పీకించుకున్నాడు. ఆ కుర్చీలో తాను కూర్చున్నాకే ఇతరులను కూర్చోబెట్టాడు. మరుసటి నెలలో బోస్టన్‌లో అందరిముందూ చేసి చూపించబోతే, రోగి అరవడంతో నవ్వులపాలయ్యాడు. అది వేరే కథ.

అయితే మాకూ ఒక అనుమానం ఉండేది. ఇది ఆ పని మీద ఇష్టమా, ఆ డాక్టరమ్మగారి మీద అభిమానమా? అందుకని కిందటి వేసవిలో ఆవిడ అనుమతితో పదిరోజులు క్లినిక్‌లో ఒక మూల కూర్చోబెట్టాము. ముందు పళ్ళ కేసులు తక్కువే. గుట్కా నమిలి నమిలి రెండు వేళ్ళు పట్టేంత కూడా నోరు తెరవలేని కుర్రాడు, చిగుళ్ళ నుంచి చీము కారుతున్న షుగరు పేషెంటు, రోజంతా మెడ వంచి చేసే పని. మూడో రోజు అన్నం మానేసింది. నాలుగో రోజు మళ్ళీ వెళతానంది.

మీ పిల్లలు ఇలా అడిగితే మీరూ ముందు అలా కూర్చోబెట్టి చూడండి. హౌస్ సర్జన్సీతో కలిపి ఐదేళ్ళ చదువు. ప్రభుత్వ సీటు రాకపోతే ఫీజు మాలాంటి వారికి పెద్ద మాటే. రాజానగరం దగ్గరా, భీమవరంలోనూ ఉన్నవి ప్రైవేటు కాలేజీలు. ప్రభుత్వ కాలేజీకి విజయవాడో కడపో వెళ్ళాలి. నీట్‌లో ఎంబీబీఎస్‌కు సరిపడా ర్యాంకు వస్తే ఏం చేస్తావని అడిగాము. "అప్పుడూ ఇదే నాన్నా" అంది. బావగారికి ఇంకా చెప్పలేదు.