నిదానపు మాత్ర.. నూరితే ముప్పు

కర్నూలు, కడప: నోటి క్యాన్సర్ ముదిరిన రోగి గట్టి మాత్రను మింగలేడు. హైదరాబాదులోనో, వేలూరులోనో చికిత్స చేయించుకుని ఇంటికి చేరిన అటువంటి వ్యక్తికి కుటుంబ సభ్యులు ఏం చేస్తారన్నది ఊహించడం కష్టం కాదు. మాత్రను నూరి రాగిజావలో కలిపి తాగిస్తారు. జ్వరం మాత్రయితే దీనివల్ల పెద్దగా నష్టం ఉండకపోవచ్చు. పన్నెండు గంటలపాటు కొద్దికొద్దిగా విడుదలయ్యేలా తయారుచేసిన మార్ఫిన్ మాత్రయితే మాత్రం అదే జావ ప్రాణం మీదికి తెస్తుంది. మందు చీటీలో మాత్ర పేరు పక్కన ఉండే 'ఎస్ఆర్', 'ఈఆర్', 'సీఆర్' అనే రెండక్షరాలకు ఇంతటి అర్థం ఉందని రోగి ఇంట్లో ఎవరూ చెప్పకపోవడమే ఇక్కడి చిక్కు.

మార్ఫిన్ నల్లమందు నుంచి లభించే ఔషధం. రక్తంలో చేరిన మార్ఫిన్‌లో సగభాగం రెండు మూడు గంటల్లోనే తగ్గిపోతుంది. అందుకే సాధారణ మార్ఫిన్ మాత్రను నాలుగు గంటలకొకసారి ఇవ్వాల్సి వస్తుంది. అర్ధరాత్రి సైతం రోగిని లేపి మాత్ర వేయాల్సిన ఈ అవస్థను తప్పించడానికే నిదానంగా విడుదలయ్యే మాత్రలు వచ్చాయి. వీటిలో మందును మైనం వంటి పదార్థంలోనో, ప్రత్యేకమైన పాలిమర్ లోనో పొదుగుతారు. పేగుల్లోని నీరు మెల్లగా లోనికి ఇంకే కొద్దీ మందు బయటికి ఊరుతుంది. మందంతా పోయాక కొన్ని రకాల మాత్రల డొల్ల మలంలో కనిపిస్తుంది కూడా. అది చూసి మాత్ర కరగలేదని భావించి మరొకటి వేయడం ప్రమాదకరం.

నూరినప్పుడు, నమిలినప్పుడు, రెండుగా విరిచినప్పుడు ఈ ఏర్పాటంతా చెదిరిపోతుంది. పన్నెండు గంటలకు ఉద్దేశించిన మోతాదు ఒక్కసారిగా రక్తంలో కలుస్తుంది. మెదడులో శ్వాసను నడిపించే కేంద్రం మందగించి, రోగి గాఢమైన మత్తులోకి జారుకుంటాడు. నొప్పి తగ్గి హాయిగా నిద్రపోతున్నాడని ఇంట్లోవారు సంతోషించే సమయం, ఊపిరి తగ్గిపోతున్న సమయం ఒకటే కావచ్చు. మింగలేని రోగికి సాధారణ మార్ఫిన్ ద్రావణం, చర్మానికి అంటించే పట్టీ వంటి ప్రత్యామ్నాయాలున్నాయి. మింగలేకపోతున్నామన్న మాట వైద్యుడికి చెప్పడమే ఇందుకు కావలసింది.

మింగిన మార్ఫిన్ అంతా నొప్పి దగ్గరికి చేరదు. పేగుల నుంచి రక్తం ముందుగా కాలేయానికి వెళుతుంది. అక్కడే అధిక భాగం మార్పు చెంది, నూరు పాళ్లలో సుమారు 30 పాళ్లు మాత్రమే మార్ఫిన్‌గా శరీరానికి అందుతుంది. సూదిమందు మోతాదుకు, మాత్ర మోతాదుకు అంత తేడా ఉండటానికి కారణం ఇదే. కాలేయం దెబ్బతిన్న వారిలో ఈ వడపోత సరిగా సాగదు. అదే మాత్ర వారికి ఎక్కువ మోతాదుగా మారుతుంది.

కాలేయం మార్ఫిన్‌ను ప్రధానంగా రెండు పదార్థాలుగా మారుస్తుంది. ఒకటి నొప్పిని తగ్గించదు గానీ, పేరుకుపోతే కండరాలు ఉలిక్కిపడటానికి, కలవరానికి కారణమవుతుందని భావిస్తున్నారు. రెండోది మార్ఫిన్ కంటే బలంగా నొప్పిని తగ్గించగలదు. ఈ రెండూ మూత్రం ద్వారానే బయటికి పోవాలి. రాయలసీమకు సంబంధించి అసలు కీలకం ఇక్కడే ఉంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, నంద్యాల, కడప పట్టణాల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఏటా చూస్తున్నదే. తిండి సహించని క్యాన్సర్ రోగి నీరు కూడా తక్కువగా తాగుతాడు. వాంతులు తోడయితే శరీరం ఎండిపోయి, మూత్రపిండాల పని మందగిస్తుంది. ఫిబ్రవరిలో సరిగ్గా సరిపోయిన మోతాదు మే నెలలో అధికం కావడానికి మాత్ర మారనక్కర్లేదు. మూత్రం తగ్గడం, పగలంతా మగతగా ఉండటం, కాళ్లూ చేతులూ ఉన్నట్టుండి అదరడం దీనికి తొలి సూచనలు. ఇప్పటికే మూత్రపిండాల వ్యాధి ఉన్న వారికి మార్ఫిన్‌కు బదులు ఫెంటానిల్, బుప్రెనార్ఫిన్ వంటివి వైద్యులు ఎంచుకోవడం ఇందుకే.

క్యాన్సర్ వార్డు దాటి వస్తే మరో మందు కనిపిస్తుంది. బేతంచర్ల, ఎర్రగుంట్ల నాపరాతి గనుల్లో బండలు మోసే కూలీలకు నడుమునొప్పి కొత్తది కాదు. అటువంటి నొప్పులకు వాడే ట్రమడాల్ కూడా నల్లమందు మాదిరిగా పనిచేసే మందే. దీనిలోనూ నిదానపు రకాలున్నాయి. కాలేయంలోని 'సీవైపీ2డీ6' అనే ఎంజైమ్ మార్చిన తర్వాతే దీని నొప్పి తగ్గించే శక్తి పూర్తిగా బయటపడుతుంది. పుట్టుకతో ఈ ఎంజైమ్ సరిగా లేని వారికి ట్రమడాల్ అంతంతమాత్రంగా పనిచేస్తుంది. అది మరీ చురుకుగా ఉన్నవారికి మామూలు మోతాదే ఎక్కువవుతుంది. పక్కింటాయనకు పనిచేసిందని అదే మాత్ర కొనుక్కునే అలవాటు ఈ మందు దగ్గర బెడిసికొడుతుంది. మోతాదు మించితే మూర్ఛలు వచ్చే ప్రమాదం అదనం. దీనిని 2014లో వైద్యుని చీటీ నమోదుచేసి అమ్మాల్సిన హెచ్1 జాబితాలో చేర్చారు. 2018 ఏప్రిల్‌లో మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చారు. చట్టం ఎంత గట్టిదైనా, చీటీ అడిగే బాధ్యత దుకాణదారుదే.

నిదానపు మాత్రలు సురక్షితమన్న ప్రచారం ఎంతవరకు తీసుకెళ్లగలదో అమెరికా చూసింది. ఆక్సికోడోన్ అనే మందును నిదానంగా విడుదలచేసే ఆక్సికాంటిన్ మాత్ర 1996లో అక్కడి మార్కెట్లోకి వచ్చింది. మెల్లగా ఒంటికి పడుతుంది కనుక వ్యసనానికి దారితీసే అవకాశం తక్కువన్న భావన మొదట్లో లేబుల్ మీదే ఉండేది. జనం దానిని నూరి పీల్చడం నేర్చుకున్నారు. తప్పుదోవ పట్టించే ప్రచారం చేసినట్లు తయారీ సంస్థ 2007లో నేరాన్ని అంగీకరించి, 60 కోట్ల డాలర్లకు పైగా చెల్లించింది. సులువుగా నలగని మాత్ర 2010లో గానీ రాలేదు. పాలడోన్ అనే మరో నిదానపు మందును 2005లో ఉపసంహరించారు. మద్యంతో కలిసినప్పుడు అందులోని మందంతా ఒక్కసారిగా విడుదలవుతోందని తేలడమే కారణం. సాయంత్రం మందు వేసుకునే అలవాటున్న రోగి ఆ సంగతి వైద్యుడి దగ్గర దాచకూడదు.

అలాగని భయపడి దూరం పెట్టడమూ న్యాయం కాదు. మన దేశం చేసింది అదే. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక, లైసెన్సుల చిక్కులు, శిక్షల భయం వల్ల ఆసుపత్రులు మార్ఫిన్ నిల్వ చేయడమే మానుకున్నాయి. ఏటా వందల కిలోలుగా ఉన్న వైద్య వినియోగం 1997 నాటికి 18 కిలోలకు పడిపోయింది. నల్లమందును ప్రభుత్వ అనుమతితో పండించి ఎగుమతి చేసే దేశంలో రోగులు నొప్పితో అల్లాడటం విడ్డూరమే. 2014లో చట్టాన్ని సవరించారు. మరుసటి ఏడాది నుంచి మార్ఫిన్, ఫెంటానిల్ సహా ఆరు మందులకు దేశమంతటా ఒకే విధానం అమల్లోకి వచ్చింది. రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి గుర్తింపు పొందిన వైద్య సంస్థ, పలు లైసెన్సుల అవసరం లేకుండానే వీటిని నిల్వ చేసుకోవచ్చు.

అదే 2014లో రాష్ట్ర విభజన జరిగి, హైదరాబాదులోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి తెలంగాణకు వెళ్లింది. కర్నూలు నుంచి అక్కడికి 200 కిలోమీటర్లకు పైనే. ఆదోని, ఆలూరు వైపు నుంచయితే ఇంకా దూరం. అంత దూరం నుంచి మందు తెచ్చుకున్న వారికి మోతాదు మార్చాల్సి వస్తే ఎవరిని అడగాలి? గుర్తింపు ఉన్న సంస్థలేవో ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో బోర్డుపై రాసి ఉంచితే సగం తిరుగుడు తప్పుతుంది. దీనికి ఖర్చేమీ లేదు.

మత్తు ఎక్కువై ఆసుపత్రికి చేరిన వారికి విరుగుడుగా నాలోక్సోన్ సూదిమందు ఇస్తారు. నిమిషాల్లోనే ఊపిరి తేరుకుంటుంది. అయితే దాని ప్రభావం గంట, గంటన్నరకు మించదు. పేగుల్లోని నిదానపు మాత్ర మాత్రం ఇంకా మందును వదులుతూనే ఉంటుంది. లేచి కూర్చున్నాడు కదా అని ఇంటికి తీసుకెళితే దారిలోనే మళ్లీ మత్తు కమ్మవచ్చు. ఏ మాత్ర, ఎన్ని గంటలకు వేశారన్నది 108 సిబ్బందికి ముందే చెప్పి, మాత్రల అట్టను వెంట తీసుకెళ్లడం అవసరం.

ఫెంటానిల్ పట్టీలదీ ఇదే లెక్క. ఒక్కో పట్టీ 72 గంటలు పనిచేస్తుంది. వేడి తగిలితే చర్మం గుండా మందు వేగంగా లోనికి వెళుతుంది. జ్వరం వచ్చినా, పట్టీ ఉన్నచోట వేడినీటి కాపడం పెట్టినా, ఎండలో కూర్చున్నా మోతాదు పెరిగినట్లే. రేకుల ఇంట్లో మధ్యాహ్నం పడుకోబెట్టిన రోగి విషయంలో దీనిని గుర్తుంచుకోవాలి. పట్టీ తీసేసిన తర్వాతా చర్మంలో నిలిచిన మందు చాలా గంటలపాటు రక్తంలోకి దిగుతూనే ఉంటుంది. వాడేసిన పట్టీలోనూ పసిపిల్లల ప్రాణం తీయగలిగినంత మందు మిగులుతుంది. అంటుకునే వైపు లోపలికి మడిచి, పిల్లలకు అందని చోట ఉంచి, ఇచ్చిన ఆసుపత్రికే తిరిగి అప్పగించాలి.