ఆడపిల్లల స్నేహాలు అంత చిన్న విషయమా?

ఏటా జూన్‌లో బడులు తెరిచాక బస్తీ మీటింగుల్లో ఎవరో ఒక తల్లి ఈ మాట చెబుతూనే ఉంటుంది: "అయిదో తరగతి దాకా ఉరుక్కుంటూ పోయేది. ఇప్పుడు పొద్దున లేస్తే కడుపునొప్పి అంటోంది." టీచరు కొట్టిందా, లెక్కలు అర్థం కావడం లేదా అని ఆరా తీస్తాం. పిల్లని విడిగా కూర్చోబెట్టి అడిగితే, "నా పక్కన ఎవరూ కూర్చోరు" అంటుంది. "ఓస్, ఇంతేనా!" అని పెద్దవాళ్ళు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు.

ఆ "ఇంతేనా" అన్న మాట మీదే నా అభ్యంతరం.

సికింద్రాబాద్‌లో వారాసిగూడ, చిలకలగూడ, బన్సీలాల్‌పేట వంటి చోట్ల ఒకే గల్లీలో పెరిగిన నలుగురైదుగురు ఆడపిల్లలు పదకొండేళ్ళు వచ్చేసరికి ఏమవుతారో గమనించండి. ఒకమ్మాయి ప్రవేశపరీక్ష రాసి అయిదో తరగతికే గురుకులం హాస్టలుకి వెళ్ళిపోతుంది. ఇంకొకమ్మాయి మైనారిటీ గురుకులంలో చేరుతుంది. మరొకరి తండ్రి అప్పుచేసి ప్రైవేటు స్కూల్లో వేస్తాడు. మిగిలినవాళ్ళు ఆరో తరగతికి సర్కారు హైస్కూలుకి వస్తే అక్కడ చెరో సెక్షను. వీళ్ళేమీ పోట్లాడుకుని విడిపోలేదు. ఫీజు, కులం, మతం అంటూ పెద్దవాళ్ళు గీసుకున్న గీతలే వీళ్ళని విడదీశాయి.

విద్యాహక్కు చట్టం (2009) నియమాల ప్రకారం అయిదో తరగతి వరకు బడి 1 కిలోమీటరు లోపు, 6 నుంచి 8 వరకు 3 కిలోమీటర్ల లోపు ఉండాలి. దూరాన్ని కొలిచారు బాగానే ఉంది. ఆ దారిలో పిల్ల పక్కన నడిచేదెవరని మాత్రం ఎవరూ అడగలేదు. తోడుంటే ఇంట్లో నిశ్చింతగా పంపిస్తారు. తోడు లేకపోతే, ఎవడైనా వెంటపడ్డాడని తెలిస్తే, మొదట మానిపించేది బడే. పైగా ఆడపిల్ల పెద్దమనిషయ్యేదీ ఈ వయసులోనే. అప్పటినుంచి గల్లీలో ఆట బంద్. అబ్బాయికి సాయంత్రం క్రికెట్లో కొత్త దోస్తులు దొరుకుతారు. అమ్మాయికి దొరికేది మధ్యాహ్న భోజనం వేళ ఆ కాసేపే. ఆ కాసేపూ ఒంటరిగా కూర్చోవలసి వస్తే అది చిన్న విషయం ఎలా అవుతుంది?

అయితే అన్ని దూరాలూ ఒకటి కావు. పదేళ్ళప్పటి దోస్తీ పన్నెండేళ్ళకి మారడం సహజం. కటీఫ్ చెప్పుకుంటారు, మళ్ళీ కలుస్తారు, కొత్తవాళ్ళు వస్తారు. అక్కడ మనం పంచాయితీ పెట్టనక్కర్లేదు. తిట్టకుండా, నీతులు చెప్పకుండా వింటే చాలు. కానీ పేరు విని, ఇల్లెక్కడో అడిగి, డబ్బాలో కూరేమిటో చూసి పక్కకి జరిగితే దాన్ని వివక్ష అనాలి. అప్పుడు "నువ్వే కలుపుగోలుగా ఉండు" అని ఆ పిల్లకే బుద్ధి చెప్పడం అన్యాయం. టీచరు కల్పించుకోవాలి. "వాళ్ళింట్లో నీళ్ళు తాగకు" అని పిల్లకి నేర్పే తల్లితో మనం మాట్లాడాలి.

మన ఊళ్ళోనే ఒక అనుభవం ఉంది. సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న ఎం.వి. ఫౌండేషన్ 1990లలో, పనుల్లోంచి బయటికి తెచ్చిన పిల్లలకి బ్రిడ్జి కోర్సు శిబిరాలు నడిపింది. పిల్లలు అక్కడ కలిసి ఉండి, చదువుకుని, తమ ఈడుకు తగ్గ తరగతిలో చేరారు. వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలన్న సూత్రం తర్వాత విద్యాహక్కు చట్టం 4వ సెక్షనులోనూ ఉంది. పన్నెండేళ్ళ పిల్లని ఆరేళ్ళ పిల్లల మధ్య కూర్చోబెడితే బడిలో నిలవదు. ఈడువాళ్ళ తోడు కూడా చదువులో భాగమేనని నాకు ఇందులో అర్థమవుతోంది.

మనం చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి. ఆరో తరగతి సెక్షన్లు వేసేటప్పుడు ప్రతి పిల్లకీ పాత బడి స్నేహితురాలు ఒక్కరైనా ఉండేలా చూడమని హెడ్‌మిస్ట్రెస్‌ని అడుగుదాం. దీనికి పైసా ఖర్చు లేదు. ఒకే దారిన వచ్చే పిల్లల్ని జట్టు చేసి, ఎనిమిదో తరగతి అక్కలకి అప్పగిద్దాం. హాస్టలు పిల్లలు సెలవులకి వచ్చినప్పుడు పాత నేస్తాలతో కలిసి కూర్చోవడానికి ఆదివారం పూట మన సంఘం గది తెరిచి ఉంచుదాం. చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. అక్కడ మరుగుదొడ్లు, మంచినీళ్ళతో పాటు ఈ సంగతీ చర్చకు రావాలి. పిల్ల తిండి మానేసి, మాట మానేసి ముడుచుకుపోతుంటే ఆలస్యం చేయకుండా 1098కి ఫోన్ చేయవచ్చని తల్లులకి చెబుదాం.

ఏప్రిల్‌లో అయిదో తరగతి పూర్తిచేసే ఆడపిల్లల జాబితాలు రాసుకునేటప్పుడు పేరు, వయసు, చేరబోయే బడి అడుగుతాం. ఈసారి ఇంకొక ప్రశ్న కూడా అడుగుదాం: "నీతో ఎవరొస్తున్నారు?" ఎవరూ లేరని చెప్పిన పిల్లల ఇళ్ళకి జూన్‌లో ముందుగా వెళదాం.